అప్‌డేట్: మా ఇద్దరికీ సరిపడా టెంట్ దొరికింది

కారులో వెళ్లి క్యాంపింగ్ చేసే మా ఇద్దరికీ, లోపల నిలబడి బట్టలు మార్చుకోగలిగేంత టెంట్ ఏది బాగుంటుందని అడిగాను కదా. చివరికి ఆరుగురికి అని రాసి ఉన్న డోమ్ టెంట్ తీసుకున్నాం. ఆ లెక్క మనుషుల్ని పక్కపక్కనే ఇరికించి వేసేదని మీలో కొందరు చెప్పింది అక్షరాలా నిజం. 150 సెంటీమీటర్ల వెడల్పు గాలిపరుపు వేశాక కూడా బ్యాగులకూ రెండు కుర్చీలకూ చోటు మిగిలింది. మధ్యలో హాయిగా నిలబడొచ్చు, అంచుల దగ్గర మాత్రం వంగాల్సిందే.

నిటారు గోడల క్యాబిన్ టెంట్ మీద మా ఆవిడకు మనసుంది కానీ, ఈదురుగాలికి డోమే బాగా ఆగుతుందని దాన్ని వదిలేశాం. రెయిన్‌ఫ్లై (టెంట్ మీద వానకు అడ్డంగా కప్పే పై పొర) నేలదాకా దిగాలని పట్టుబట్టడం ఎంత మంచిదైందో! ఒక రాత్రి వాన ఏటవాలుగా కొట్టినా లోపల చుక్క పడలేదు. తెల్లారి ఫ్లై లోపలివైపు తడి చూసి కారిందేమోనని టెన్షన్ పడ్డాం. తీరా చూస్తే అది మా ఊపిరి ఆవిరే. పైన గాలి ఆడే వెంట్లు తెరిచి పడుకుంటే చాలావరకు తగ్గింది.

కింద పరిచే పట్టా టెంట్ అంచు దాటి బయటికి రాకుండా చూసుకోండి. వస్తే వాన నీళ్లు దానిమీద పడి టెంట్ కిందికే చేరతాయి. మేం అంచుల్ని లోపలికి మడిచేస్తున్నాం.