ఫుల్ ఫార్మాట్ 34 శాతం దగ్గర ఆగిపోతోంది: ఈ డిస్క్ పనికొస్తుందా?

శ్రావణమేఘం: ల్యాప్‌టాప్ లోంచి తీసిన 1 టీబీ హార్డ్ డిస్క్‌కి ఫుల్ ఫార్మాట్ పెట్టాను. 34 శాతం దాకా బాగానే వెళ్లింది, ఆ తర్వాత కదలట్లేదు. క్విక్ ఫార్మాట్ మాత్రం వెంటనే అయిపోతోంది. స్మార్ట్ రిపోర్టులో (డిస్క్ తన పరిస్థితి తనే నంబర్లవారీగా రాసుకునే లెక్క) 197 దగ్గర 8 ఉంది. 5 దగ్గర, 199 దగ్గర సున్నా. వాడుకోవచ్చా?

పాతసామాను: వాడుకోవచ్చు. క్విక్ ఫార్మాట్ డిస్క్ అంతా తిరగదు, అందుకే అవుతోంది. 197 అంటే పెండింగ్ సెక్టార్లు, అంటే చదవలేకపోయిన చోట్లు. అవి పోయాయని ఇంకా తేలలేదు. విండోస్ విస్టా వెర్షన్ నుంచి ఫుల్ ఫార్మాట్ మొత్తం సున్నాలు రాస్తుంది. రాసినప్పుడు ఆ చోటు పనిచేస్తే పెండింగ్ లెక్క తగ్గుతుంది. లేదంటే డిస్కే దాన్ని పక్కనపెట్టి స్పేర్ సెక్టార్ వాడుకుంటుంది, అప్పుడు 5 దగ్గర అంకె పెరుగుతుంది. మళ్లీ పెట్టండి, పూర్తికానివ్వండి.

నీలిదీపం: మళ్లీ పెట్టొద్దు. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డ్రైవులు చూసి పేపర్ రాశారు. ఒక్క స్కాన్ ఎర్రర్, అంటే డిస్క్ తనని తాను పరీక్షించుకున్నప్పుడు దొరికే తప్పు, కనబడ్డ డ్రైవ్ 60 రోజుల్లో పోయే అవకాశం, ఎర్రర్ లేనిదానికంటే 39 రెట్లు.

పాతసామాను: 39 రెట్లంటే ఖాయంగా పోతుందని కాదు. 8 చూపించి భయపెట్టకండి. 4కె, అంటే 4096 బైట్ల సెక్టార్లున్న చాలా డిస్కుల్లో ఒక్కటి చెడినా 512 బైట్ల లెక్కన 8 అనే చూపిస్తుంది. చెడింది ఒక్కటే కావచ్చు.

నీలిదీపం: ఒక్కటో ఎనిమిదో, 34 దగ్గర ఆగిందా లేదా?

చిన్నక్క: కేబుల్ మార్చి చూడండి.

పాతసామాను: 199 సున్నా అన్నారుగా. కేబుల్ తేడా అయితే సాధారణంగా అక్కడ అంకె పెరుగుతుంది.

నీలిదీపం: మీలాగే "ఫార్మాట్ కొడితే సెట్ అయిపోతుంది" అని ఒక రిపేరు షాపతను నన్ను అడక్కుండానే కొట్టేశాడు. మా అబ్బాయి చిన్నప్పటి వీడియోలన్నీ పోయాయి.

పాతసామాను: అతను చేసినదానికి నేనేం చేయను? ప్రతి థ్రెడ్‌లోనూ మీది ఒకటే మాట, పారేయండి. కొత్తది కొనగలిగినవాళ్లకి అది తేలికే. నా పనంతా వేరేవాళ్లు పారేసిన డిస్కుల మీదే నడుస్తోంది.

నీలిదీపం: పారేయమని ఎక్కడన్నాను? పైకెళ్లి చదవండి. మళ్లీ పెట్టొద్దన్నాను, అంతే. అసలు ఆ డిస్క్‌లో ఏముందని ఒక్కసారైనా అడిగారా మీరు? మీకు డిస్క్ బతికితే చాలు. నేననేది లోపలున్నదాని గురించి.

శ్రావణమేఘం: ఉంది. ఇంకో పార్టిషన్‌లో నాన్న ఫొటోలున్నాయి. దాన్ని ఫార్మాట్ చేయలేదు, కాపీ కూడా తీయలేదు. మధ్యమధ్యలో టిక్ టిక్ అని చప్పుడొస్తోంది. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది.

పాతసామాను: చప్పుడొస్తుంటే ముందు పవర్ తీసేయండి. ఫొటోల సంగతి మొదటే చెప్పాల్సింది. ఖాళీ డిస్క్ అయితే మాత్రం నా మాట నాదే.

నీలిదీపం: డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే విండోస్ చెక్‌డిస్క్ కూడా నడపొద్దు. చప్పుడు లేకపోతే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో వేరే డిస్క్ మీదికి ఇమేజ్, అంటే మొత్తం డిస్క్ కాపీ, తీయమనేదాన్ని. అది బాగున్న భాగాలు ముందు చదివేసి, మొండికేసిన చోట్లకి చివర్లో వస్తుంది. టిక్ టిక్ అంటే డిస్క్‌ని చదివే హెడ్ దెబ్బతిని ఉండొచ్చు. తిప్పేకొద్దీ నష్టం పెరుగుతుంది. డేటా రికవరీ వాళ్లకి ఇవ్వండి.

శ్రావణమేఘం: పవర్ తీసేశాను. రికవరీకే ఇస్తాను.

పాతసామాను: ఆ డిస్క్ తిరిగొస్తే 5 దగ్గర, 197 దగ్గర అంకెలు ఇక్కడ పెట్టండి.

నీలిదీపం: తిరిగొచ్చినా అందులో ఏమీ దాచొద్దు.