పాటల గదికి లాన్ కేబుల్: క్యాట్ 6 చాలా, క్యాట్ 8 కావాలా?

హన్మకొండ_కొత్తిల్లు:
హసన్‌పర్తి రోడ్డు వైపు ఇల్లు కడుతున్నాం. గోడలకు గాడి కొట్టి పైపులు వేసే పని నడుస్తోంది, వచ్చే వారం గిలాబు మొదలు, కాబట్టి ఈలోపే తేల్చుకోవాలి. రౌటర్, నాస్ (పాటల ఫైళ్లన్నీ దాచే డబ్బా) రెండూ కింద హాల్లో ఉంటాయి. పైన ఒక చిన్న గది పూర్తిగా నా పాటలకే, అందులో నాస్‌లోని పాటలు తెప్పించి వినిపించే స్ట్రీమర్, ఆంప్లిఫయర్, స్పీకర్లు. నాన్న కొన్న క్యాసెట్లు, తర్వాత నేను కొన్న సీడీలు ఒక్కొక్కటే ఎక్కించి, నాణ్యత తగ్గకుండా కుదించే ఫ్లాక్ ఫైళ్లు చేసి పెట్టుకుంటున్నా. నాజియా హసన్, బోనీ ఎం, అబ్బా, లక్కీ అలీ, మన ఇళయరాజా సరేసరి. కింది నుంచి పైకి పైపు దారిలో పాతిక మీటర్లు ఉంటుందేమో.

ఏ గ్రేడు లాన్ కేబుల్ వేయాలని ఒక షాపులో అడిగితే "పాటలకైతే క్యాట్ 8 వేయండి సార్, సౌండ్ క్లియర్‌గా వస్తుంది" అన్నారు. ఇంకో చోట క్యాట్ 6 అని చెప్పి అందులోనే రెండు రకాలు చూపించారు, ఒకదానికి ఇంకోదాని సగం ధరే. ఏది తీసుకోవాలి? గేటు దగ్గర, డాబా మీద సీసీ కెమెరాలకు కూడా ఇదే వాడొచ్చా?

కాజీపేట_నెట్‌వర్క్:
అన్నా, క్యాట్ 8 ఊసే వద్దు. అది డేటా సెంటర్లలో దగ్గర దగ్గరగా ఉన్న స్విచ్‌లను కలపడానికి చేసింది, 30 మీటర్ల లోపు పని. లావుగా, బిరుసుగా ఉంటుంది, గోడలోని పైపు వంపుల్లో లాగాలంటే మనిషికీ కష్టం, కేబుల్‌కీ కష్టం. మీ అవసరం లెక్క చూడండి: సీడీ పాటకు సెకనుకు 1,411 కిలోబిట్లు, అంటే ఒకటిన్నర మెగాబిట్ కూడా కాదు. ఫ్లాక్‌లో అంతకన్నా తక్కువే. 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ స్టీరియో ఫైలైనా కుదించకుండా పంపితే 9.2 మెగాబిట్లు. మామూలు క్యాట్ 5ఈ 100 మీటర్ల వరకు 1000 మెగాబిట్లు మోస్తుంది. క్యాట్ 6 కూడా 100 మీటర్లకు అంతే, కానీ 55 మీటర్ల లోపు పరిస్థితులు బాగుంటే 10 గిగాబిట్లు వస్తాయి. మీ పాతిక మీటర్లకు క్యాట్ 6 తీసుకుంటే ఇక గోడ పగలగొట్టే పని రాదు.

ఇక సౌండ్ సంగతి. కేబుల్‌లో పోయేది పాట కాదు, అంకెలు. ప్రతి ప్యాకెట్‌కూ సరిచూసుకునే లెక్క ఒకటి ఉంటుంది, తప్పొస్తే ఆ ప్యాకెట్‌ను పారేస్తుంది, స్ట్రీమర్ నాస్ నుంచి ఆ ముక్క మళ్లీ తెప్పించుకుంటుంది. మరీ చెడితే పాట ఆగుతుంది, టక్‌మంటుంది, అంతే గానీ గొంతు మసకబారడం, బేస్ తగ్గడం జరగదు. పైగా షీల్డ్ (తీగల చుట్టూ లోహపు తొడుగు) ఉన్న కేబుల్ రెండు చివర్లా ఎర్త్‌కు తగిలితే కింది రౌటర్ ఎర్తూ పైన ఆంప్లిఫయర్ ఎర్తూ కలిసిపోయి స్పీకర్లో గుయ్‌మని హమ్ వచ్చే అవకాశం ఉంది. షీల్డ్ లేని యూటీపీలో ఆ దారే లేదు, లాన్ పోర్టు లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులనూ విడదీసి ఉంచుతుంది. అంటే పాటల గదికి షీల్డ్ ఉన్నదానికన్నా చవకైన యూటీపీయే మేలు.

కరెంటు వైర్ల పైపులో మాత్రం దీన్ని వేయనివ్వకండి. వేరే 25 ఎంఎం పైపు వేయించి, మూలల్లో ఎల్బోలు కాకుండా గుండ్రటి బెండ్లు పెట్టించి, రెండు కేబుళ్లు లాగించి, ఒక నైలాన్ తాడు లోపలే వదిలేయమనండి.

కరీంనగర్_వైరింగ్:
సగం ధర కేబుల్ గురించి నేను చెప్తా, ఎందుకంటే రోజూ చూసేది ఇదే. అది సీసీఏ, అల్యూమినియం తీగ మీద రాగి పూత. షాపులోనే ఒక ముక్క అడిగి తీసుకుని లోపలి సన్నటి తీగను బ్లేడుతో గీకండి. గీకిన చోట ఎర్రగానే ఉంటే రాగి, తెల్లగా వెండిలా మెరిస్తే అల్యూమినియం. 305 మీటర్ల డబ్బా చేత్తో ఎత్తినా తెలుస్తుంది, సీసీఏది తేలిగ్గా ఉంటుంది. ఆ తీగ రెండు మూడు సార్లు వంచితే విరుగుతుంది. గిగాబిట్‌కు, అంటే 1000 మెగాబిట్లకు ఎనిమిది తీగలూ కావాలి, ఒక్కటి తెగినా స్పీడు 100 మెగాబిట్లకు పడిపోవడమో అసలు లింక్ రాకపోవడమో అవుతుంది, అప్పుడు మళ్లీ గోడ దగ్గరికే రావాలి.

కెమెరాలకు ఇది ఇంకా ముఖ్యం. పీఓఈ కెమెరాకు కరెంటు కూడా అదే కేబుల్లో పోతుంది. అల్యూమినియం అడ్డు ఎక్కువ, దూరం పెరిగితే వోల్టేజ్ పడుతుంది. పగలంతా బాగుండి చీకటి పడగానే రీస్టార్ట్ అవుతున్న కెమెరాలకు చాలాసార్లు కారణం ఇదే, చీకట్లో చూడటానికి ఉండే ఐఆర్ లైట్లు వెలగగానే కరెంటు ఎక్కువ లాగుతాయి. డాబా మీదికి ఇంట్లో వాడే బూడిద రంగు కేబుల్ వద్దు, మన ఎండలకు పై తొడుగు పగిలిపోతుంది. ఔట్‌డోర్ నల్ల కేబుల్ తీసుకుని పైపులో పెట్టి క్లాంపులు దగ్గర దగ్గరగా కొట్టించండి. మీ వైపు కోతుల సంగతి మీకే తెలుసు, వేలాడే కేబుల్ కనబడితే ఊయల ఊగి తెంపేస్తాయి.

పాత_క్యాసెట్:
కేబుల్ విషయం పైన ఇద్దరూ చెప్పేశారు. మీ లిస్టులో నాజియా హసన్ పేరు చూసి ఆగలేక రాస్తున్నా. ఆ పాటల వెనక ఉన్నది మ్యూజిక్ ప్రొడ్యూసర్ బిడ్డూ, బెంగళూరులో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ మనిషి. 1980లో ఖుర్బానీ సినిమాకు ఆమెతో పాడించినది ఆయనే, 1995లో అలీషా చినాయ్ చేత ఇండిపాప్ ఆల్బం చేయించినదీ ఆయనే. ఇప్పటికీ ఆ బేస్, డ్రమ్ములు ఎంత విడివిడిగా వినబడతాయో! బోనీ ఎంలో ఆ లావాటి మగ గొంతు స్టూడియోలో వాళ్ల ప్రొడ్యూసర్ ఫ్రాంక్ ఫారియన్‌ది, స్టేజి మీద ఎగిరి ఆడిన బాబీ ఫారెల్‌ది కాదు, అయినా నాకు ఆ పాటల మీద ఇష్టం ఇసుమంత తగ్గలేదు. లక్కీ అలీ మాత్రం రాత్రి తక్కువ సౌండ్‌లోనే వినాలి, ఆ గొంతులోని గరుకుదనం అప్పుడే తెలుస్తుంది.

సౌండ్ తేడా కావాలంటే అది కేబుల్లో కాదు, ఎక్కించే దగ్గర ఉంది. క్యాసెట్ డెక్‌లో హెడ్ పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ హెడ్‌ఫోన్లో వింటే మూసుకుపోయినట్టున్న సింబల్స్ శబ్దం ఒక్కసారిగా తెరుచుకుంటుంది. ప్రతి క్యాసెట్‌కూ అది సరిచూసి, హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి అప్పుడు రికార్డు చేయండి. సీడీలైతే వీలైనంత పాత ప్రింట్లు వెతకండి. తర్వాత వచ్చిన రీమాస్టర్లలో చాలావాటికి సౌండ్ పెంచి పెంచి మెల్లటి చోట్లకూ గట్టి చోట్లకూ తేడా లేకుండా చేశారు.

హన్మకొండ_కొత్తిల్లు:
అందరికీ చాలా థ్యాంక్స్. బ్లేడుతో గీకి చూశా, సగం ధరది తెల్లగా తేలింది. పూర్తి రాగి క్యాట్ 6 యూటీపీ డబ్బా తెచ్చేశా. చివర్లో రంగుల వరుస ఏది పెట్టమనాలి?

కరీంనగర్_వైరింగ్:
రెండు చివర్లా 568బి. నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ. గోడలో సాకెట్ బాక్సు దగ్గర ఒక మూర కేబుల్ మిగిల్చి చుట్టి పెట్టమనండి, గిలాబుకు ముందే టెస్టర్‌తో ఎనిమిది లైట్లూ వరుసగా వెలుగుతున్నాయో లేదో మీరే నిలబడి చూసుకోండి.