అప్‌డేట్: పెప్పర్‌మింట్ రొయ్య పిల్లలు బతికాయి

అక్వేరియంలో పెంచే పెప్పర్‌మింట్ రొయ్యల (చిన్న సముద్రపు రొయ్యలు) లార్వాలు, అంటే అప్పుడే పుట్టిన పిల్లలు, మూడో రోజుకల్లా అన్నీ అడుగున పడి చచ్చిపోతున్నాయి, ఎందుకని ఇదివరకు ఇక్కడ అడిగింది నేనే. తప్పు ఎయిర్‌స్టోన్‌ది (గాలి గొట్టం చివర పెట్టే, సన్న బుడగలు వదిలే రాయి). దాని సన్న బుడగలు పిల్లల కాళ్ల మధ్య ఇరుక్కుని పైకి తేల్చేసేవి, చచ్చాక అడుగుకి జారేవి. "రాయి పీకెయ్, ఉత్త గొట్టం చాలు" అని ఇక్కడ చెప్పిన అన్నకి థాంక్స్. ఇప్పుడు సెకనుకి ఒకటో రెండో పెద్ద బుడగలు, అంతే. ఇంకోటి, మేతగా ఆర్టీమియా (గుడ్ల నుంచి పొదిగించే బుల్లి ఉప్పునీటి జీవులు) ఏ రోజు పొదిగినవి ఆ రోజే వేస్తున్నా. ఇదివరకు నిన్నటి మిగులు వేసేవాణ్ణి. టార్చి వేస్తే పిల్లల పొట్టలు తిన్న మేతతో నారింజ రంగులో కనిపిస్తున్నాయి! అయోడిన్ చుక్కలకి పెట్టిన డబ్బు మాత్రం దండగ. ఉప్పు కూడా కారణం కాదు, నీటి సాంద్రత (మంచినీటితో పోలిస్తే) మొదట్నుంచీ 1.025 దగ్గరే ఉంది, సముద్రపు నీటిలాగే. 34వ రోజున మొదటిది లార్వా దశ దాటి, పెద్ద రొయ్యలా అడుగుకి దిగి నడిచింది. మొత్తం 11 మిగిలాయి.