అప్‌డేట్: కెన్యా పల్లె క్లినిక్‌కి వెళ్లొచ్చాను

బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడాదిలో ఉన్నాను, కెన్యాలో పల్లె క్లినిక్‌కి వాలంటీర్‌గా వెళ్లాలా వద్దా అని అడిగాను కదా. వెళ్లాను. నెల రోజులున్నాను.

ఎల్లో ఫీవర్ టీకా సంగతి గుర్తుచేసిన అక్కకి చాలా థ్యాంక్స్. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేయించుకున్నాను. సర్టిఫికెట్ 10 రోజుల తర్వాతే చెల్లుతుంది, చివరి వారం దాకా ఆగకండి.

అక్కడ నా చేతిలో ఎక్కువగా ఉన్నది పిల్లల జబ్బ చుట్టుకొలత చూసే టేపు. 11.5 సెంటీమీటర్ల లోపుంటే ఎరుపు, అంటే తీవ్రమైన పోషకాహార లోపం. ఒక పాపకి చుడితే ఎరుపులో ఆగింది. వాళ్లమ్మ నా ముఖంలోకే చూస్తోంది. నాకొచ్చిన స్వాహిలీ నాలుగు ముక్కలు. అక్కడి నర్సు వచ్చి, ఆమె పక్కనే కూర్చుని నెమ్మదిగా చెప్పింది. ఆ మాట ఆ నర్సే చెప్పాలి, నేను కాదు.

నన్ను పంపిన సంస్థ మాత్రం కాన్పులు కూడా చేయొచ్చంది. చేయనన్నాను. హైదరాబాద్‌లో నన్ను ఒంటరిగా చేయనివ్వని పని, అక్కడ పేదవాళ్లు కాబట్టి చేసేయొచ్చా? ఏం చేస్తారో, ఎవరి పర్యవేక్షణలో చేస్తారో వెళ్లే ముందే కాగితం మీద రాయించుకోండి.

నా గురించి మా అమ్మ పడ్డ టెన్షన్ మొదటి వారంతో తగ్గింది. టేపు ఎరుపు చూపిన ఆ పాప, పోషకాహార లోపానికి ఇచ్చే వేరుశనగ ముద్ద ప్యాకెట్లు తింటూ, నేను బయల్దేరే ముందు పసుపులోకి, అంటే కాస్త మెరుగైన స్థితిలోకి వచ్చింది.