ఊళ్ళో ఓపెన్ గార్డెన్స్, ఆర్ట్ ఫెస్టివల్ మొదటిసారి చేస్తున్నాం, తోటలిచ్చేవాళ్ళు దొరకట్లేదు

గడపముందుమొక్క:
నమస్తే అండీ అందరికీ. మేము ఇంగ్లండ్‌లో ఒక చిన్న పల్లెటూళ్ళో ఉంటాం, వచ్చి పదకొండేళ్ళయింది. ఈ జూన్‌లో శని ఆదివారాలు ఊళ్ళో తోటలు అందరికీ తెరిచి, ఆ తోటల్లోనే పెయింటింగులు, మట్టిపాత్రలు, చెక్కపని లాంటివి పెట్టి, వచ్చిన డబ్బంతా దగ్గర్లో ఉన్న హాస్పిస్‌కి, అంటే ఆఖరి రోజుల్లో ఉన్న రోగుల్ని చూసుకునే చోటుకి, ఇద్దామని అనుకున్నాం. నాకు ఎందుకింత పట్టుదలంటే పోయినేడు మా పక్కింటి పెద్దావిడ ఆఖరి మూడు వారాలు అక్కడే ఉన్నారు, నర్సులు ఆవిడ మంచాన్ని కిటికీ వైపుకి తిప్పి బయట గులాబీ పాదు కనపడేలా పెట్టారు, చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా ఆవిడ ముందు ఆ పూల కబురే చెప్పేవారు.

సమస్యేంటంటే కనీసం పన్నెండు తోటలు కావాలి, చేతిలో ఉన్నవి ఐదు. ఎవర్నడిగినా "అబ్బే మాది చూపించేంత తోట కాదు" అంటున్నారు. మా పెరడు కూడా ఏమంత పెద్దది కాదు, బంతి, మెంతి, టమాటాలు, కుండీలో కరివేపాకు, అంతే. దాన్నీ తెరవచ్చా? ఇంకా పర్మిషన్ల సంగతి, ఆర్టిస్టుల దగ్గర ఎంత తీసుకోవాలి, వానొస్తే ఏం చెయ్యాలి, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాతగొడుగు:
తెరవండి అక్కా, ముందు మీదే తెరవండి! మా ఊళ్ళో ఏడేళ్ళుగా చేస్తున్నాం, నేను చూసినంతలో జనం ఎక్కువసేపు నిలబడేది పెద్ద పెద్ద లాన్ల దగ్గర కాదు, చిన్న పెరళ్ళ దగ్గరే. మా దగ్గర ఒక పెద్దాయనకి గ్రీన్‌హౌస్, నాలుగు వరసల లీక్స్, కర్రలకి పాకించిన స్వీట్ పీస్ పూలతీగలు, ఇవే ఉన్నాయి, ఆయనా మొదట ససేమిరా అన్నారు. తీరా ఆ రోజు ఆయన గేటు ముందు లైను కట్టారు, ఎందుకంటే విత్తనం ఎప్పుడు నానబెట్టారు, పురుగుకి ఏం చేశారు అని అడిగితే ఓపిగ్గా చెప్పే మనిషి అక్కడ ఉన్నాడు. మీ కరివేపాకు కుండీ దగ్గర కూడా అదే జరుగుతుంది, చలికాలంలో దాన్నెలా బతికించారో తెలుసుకోవాలని ఎంతమందికి ఉంటుందో మీరే చూస్తారు.

అడిగే పద్ధతి గురించి ఒక మాట. ఈమెయిల్ పెట్టొద్దు, మీటింగులో చేతులెత్తమనొద్దు. సాయంత్రం పూట నడుచుకుంటూ వెళ్ళి గేటు దగ్గర నిలబడి "ఆ పియోనీ జూన్ రెండో వారం దాకా ఉంటుందా" అని ఒక మొక్క గురించి అడగండి. తోట ఇస్తారా అని అడిగితే మనిషికి తన కలుపే గుర్తొస్తుంది, మొక్క గురించి అడిగితే దాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారో చెప్తూ మిమ్మల్ని లోపలికే తీసుకెళ్తారు. ఇంటివాళ్ళు బయటికి చెప్పని బాధ ఇంకోటుంది, ఆ రెండు రోజులూ వాళ్ళు సొంత గేటు వదిలి కదల్లేరు కాబట్టి మిగతా తోటలు చూడలేరు. మేము ముందు గురువారం సాయంత్రం తోటలిచ్చేవాళ్ళకి మాత్రమే అన్నీ తిప్పి చూపిస్తాం. అది మొదలెట్టాక ఎవరూ వెనక్కి తగ్గలేదు.

ఈ పద్ధతి ఇక్కడ పాతదే. ఇళ్ళకి వెళ్ళి రోగుల్ని చూసుకునే జిల్లా నర్సుల కోసం డబ్బు పోగుచేద్దామని ఎల్సీ వాగ్ అనే ఆవిడ ఆలోచన చెప్తే 1927లో నేషనల్ గార్డెన్ స్కీమ్ మొదలైంది, మనిషికి ఒక షిల్లింగ్ చొప్పున ఆ సంవత్సరం 609 తోటలు తెరిస్తే 8,000 పౌండ్ల పైన వచ్చింది. అంటే మీరు హాస్పిస్ నర్సుల కోసం చేద్దామనుకుంటున్నది సరిగ్గా దాని మూలంలో ఉన్న పనే. వీలుంటే ఊరంతా ఒక గ్రూపుగా ఆ స్కీములోనే చేరొచ్చు, కాకపోతే అప్పుడు డబ్బు వాళ్ళు ఎంచుకున్న సంస్థలకి వెళ్తుంది, మీకు ఆ హాస్పిస్సే కావాలంటే సొంతంగా చేసుకోవాలి.

జూన్ మొదట్లో వసంతం పూలు అయిపోయి వేసవివి ఇంకా రాని ఖాళీ ఒకటి వస్తుంది, అందుకే రెండో వారం దాటాక పెట్టుకోండి, గులాబీలు అందుకుంటాయి. పిల్లలొస్తారు కాబట్టి నీళ్ళ గుంటల దగ్గర అడ్డం కట్టి ఒక మనిషిని కూర్చోబెట్టండి. ఫాక్స్‌గ్లవ్, మంక్స్‌హుడ్ విషం, అవి ఉన్నచోట బోర్డు పెట్టి దారికి తాడు కట్టండి.

జమాఖర్చు:
పర్మిషన్ల సంగతి నేను చెప్తా, మా పారిష్‌లో, అంటే మా ఊరి స్థానిక కౌన్సిల్‌లో, లెక్కలు నేనే చూస్తా. టీ కేకులు అమ్ముకోవచ్చు, పగటిపూట అయితే ఇబ్బంది లేదు. వైన్ గానీ పిమ్స్ లాంటి మందు గానీ అమ్మితే మాత్రం టెంపరరీ ఈవెంట్ నోటీస్ ఇవ్వాలి, 21 పౌండ్లు, కనీసం 10 పనిదినాల ముందు కౌన్సిల్‌కి చేరాలి, ఆ స్థలంలో ఒకేసారి వాలంటీర్లతో కలిపి 499 మందికి మించి ఉండకూడదు. రాఫిల్ (చిన్న లాటరీ) టికెట్లు ఆ రోజు అక్కడే అమ్మితే లైసెన్స్ అక్కర్లేదు, కానీ వచ్చిన డబ్బులోంచి ప్రైజులకి 500 పౌండ్లు, నిర్వహణకి 100 పౌండ్లు మించి తీయకూడదు. ముందే ఇంటింటికీ తిరిగి అమ్మితే రూల్స్ మారిపోతాయి, ఆ తప్పు మాత్రం చెయ్యొద్దు.

గిఫ్ట్ ఎయిడ్, అంటే విరాళం మీద ప్రభుత్వం చారిటీకి వెనక్కిచ్చే ట్యాక్స్, దాని గురించి చాలామంది పొరబడతారు. టికెట్టు కొన్న డబ్బుకి అది వర్తించదండీ, విడిగా ఇచ్చే విరాళానికే. ఇక్కడ ట్యాక్స్ కట్టే మనిషి 10 పౌండ్లు విరాళంగా ఇచ్చి ఫారం నింపితే హాస్పిస్‌కి ఇంకో 2.50 వస్తుంది. అందుకని టికెట్ బల్ల పక్కనే హాస్పిస్ వాళ్ళ కవర్లు, ఒక పెన్ను, చదవడం వచ్చినా అద్దాలు మర్చిపోయిన పెద్దవాళ్ళకి సాయం చేసే ఒక పిల్లాణ్ణి పెట్టండి, చాలా తేడా ఉంటుంది. పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ (వచ్చినవాళ్ళకి దెబ్బ తగిలితే పరిహారం కట్టేది) మీ కమిటీకి ఉందో లేదో, ఉంటే ఇళ్ళ తోటలకి కూడా వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. కేకుల మీద గింజలు, పాలు, గుడ్డు, గోధుమ ఉన్నాయో లేవో చీటీ రాయండి. కార్డ్ రీడర్‌కి సిగ్నల్ అందుతుందో లేదో ముందురోజే గేటు గేటుకీ వెళ్ళి చూడండి.

బంకమట్టి:
నేను కుండలు చేస్తా, ఇలాంటి వాటిల్లో చాలాసార్లు పెట్టా. వాన గురించి నా అనుభవం చెప్తా. ఒకసారి నీటిరంగుల బొమ్మలు వేసే స్నేహితురాలితో కలిసి ఒకే గజీబో (పందిరి లాంటి గుడారం) కింద పెట్టాం, వాన గజీబో లోపలికి రాలేదు కానీ రాత్రి చెమ్మకి ఫ్రేముల అద్దం లోపల ఆవిరి పట్టి కాగితాలు అంచుల దగ్గర అలలు అలలుగా ఉబ్బిపోయాయి, పొద్దున్నే వచ్చి చూసుకుని తను ఏడ్చేసింది. ఆరు నెలల పని. అప్పట్నుంచి నేను అందరికీ చెప్పేది ఇదే, కాగితం, బట్ట ఏదైనా సరే చర్చిలోనో విలేజ్ హాల్లోనో పెట్టండి. మట్టి, ఇనుము, గాజు, రాయి తోటలో పెట్టండి, వాటికి వాన పడితే ఇంకా అందం. నీలం గ్లేజు గిన్నెని లావెండర్ మొదట్లో నేల మీద పెట్టి చూడండి, అందులో నీళ్ళు నిలిచి ఆకాశం కనపడుతుంటే బల్ల మీద అమ్ముడుపోనిది అక్కడ పోతుంది. ధర చీటీలు పెన్సిల్‌తో రాయండి, ఇంకు కారిపోతుంది.

కమిషన్ 20 శాతం అడిగితే ఎవరూ బాధపడరు, ముందే చెప్పాలి అంతే. దయచేసి "చారిటీ కదా, ఒక బొమ్మ ఊరికే ఇవ్వండి" అని మాత్రం అడగొద్దు, చాలామందికి ఇది బతుకుదెరువు. దాని బదులు తోటలో కూర్చుని బొమ్మ వెయ్యమనండి, చక్రం తిప్పమనండి. జనం ఆగుతారు, టీ తాగుతారు, ఇంకాసేపు ఉంటారు.

గడపముందుమొక్క:
అందరికీ చాలా థాంక్సండీ. పాతగొడుగు గారూ, నిన్న సాయంత్రమే మీరు చెప్పినట్టు వెళ్ళి రెండిళ్ళ అవతల ఒకాయన్ని క్లెమాటిస్ గురించి అడిగా, అది చనిపోయిన వాళ్ళావిడ నాటిందట, అరగంట చెప్పారు, నేను అడక్కుండానే "జూన్‌లో మీ లిస్టులో నన్నూ వేసుకోండి" అన్నారు. ఆరయ్యాయి. ఇవాళ మూలమీద ఇంటికి వెళ్తున్నా. పార్కింగ్‌కి ఒక రైతు పొలం ఇస్తానన్నారు, కానీ వాలుగా ఉంది, వాన పడితే కార్లు దిగబడతాయేమో అని భయం, దానికేం చేస్తారు మీరు?

పాతగొడుగు:
పొలం ఎగువ భాగంలోనే ఆపించండి అక్కా, గేటు దగ్గర గడ్డి తొందరగా బురదవుతుంది కాబట్టి అక్కడ చెక్కపొట్టు పరిపించండి. ట్రాక్టరు, తాడు పట్టుకుని ఆయన్నే సాయంత్రం దాకా అక్కడ ఉండమని ఇప్పుడే మాట తీసుకోండి. శుక్రవారం రాత్రి గట్టిగా వాన పడితే పొలం వదిలేసి స్కూల్ ఆవరణకి మార్చెయ్యండి, దానికి ఇప్పుడే అడిగి పెట్టుకోండి. క్లెమాటిస్ ఆయన తోటలో కుర్చీ ఒకటి ఎక్కువ వెయ్యండి, వచ్చినవాళ్ళు కూర్చుని వింటారు.