ఎస్టోనియా ఈ-రెసిడెన్సీ తీసుకుని హనుమకొండ నుంచి కంపెనీ నడపవచ్చునా?

ప్రశ్న: హనుమకొండ డెవలపర్

అందరికీ నమస్కారం. సంగీత పాఠశాలలు తరగతుల వేళలు, విద్యార్థుల ఫీజులు చూసుకోవడానికి పనికివచ్చే ఒక చిన్న సాఫ్ట్‌వేర్‌ను నేనొక్కడినే తయారుచేసి, నెలవారీ చందా పద్ధతిలో అమ్ముతున్నాను. కొంటున్నవారు ఎక్కువగా జర్మనీలోను, నెదర్లాండ్స్‌లోను ఉన్న పాఠశాలలవారు. నాకు రెండు చిక్కులు ఉన్నాయి. వారి కార్డుల నుంచి ప్రతి నెలా చందా దానంతటదే జమ అయ్యే ఏర్పాటు ఇక్కడి ఖాతాతో నిలకడగా సాగడం లేదు. అంతకంటే పెద్దది, ఒక పాఠశాల తనకున్న ఎనిమిది శాఖలకూ తీసుకుంటానంటోంది గాని, యూరోపియన్ యూనియన్‌లో నమోదైన సంస్థతో తప్ప ఏడాది ఒప్పందం చేసుకోనని పట్టుబడుతోంది.

యూనియన్ సభ్యదేశమైన ఎస్టోనియా ప్రభుత్వం విదేశీయులకు ఇచ్చే ఈ-రెసిడెన్సీ అనే డిజిటల్ గుర్తింపు కార్డుతో ఆ దేశంలో అడుగు పెట్టకుండానే కంపెనీ పెట్టవచ్చునని, లాభాన్ని కంపెనీలోనే ఉంచితే పన్ను సున్నా అని చదివాను. నేను ఊరు విడిచి వెళ్లే ఉద్దేశంలో లేను. ఇక్కడే కూర్చుని అక్కడి కంపెనీ నడిపితే నిజంగా లాభమేనా? చేసి చూసినవారు చెప్పగలరు.

జవాబు: గుంటూరు ఓయూ

నాలుగేళ్లుగా ఇలాంటి కంపెనీ నడుపుతున్నాను కాబట్టి చెబుతున్నాను. అక్కడి పరిమిత బాధ్యత కంపెనీని క్లుప్తంగా ఓయూ అంటారు. మా ఇంట్లో ఈ మాట విన్నవారందరూ నేను మళ్లీ ఉస్మానియాలో చేరాననుకున్నారు.

ముందుగా ఒక భ్రమ తొలగించుకోండి. 2014 డిసెంబరులో మొదలైన ఈ పథకం పేరులో నివాసం ఉంది గాని, అందులో నివాసం లేదు. వీసా రాదు, పౌరసత్వం రాదు, అక్కడి పన్ను చెల్లింపుదారు హోదా కూడా రాదు. ఆధార్ పౌరసత్వానికి రుజువు కానట్టే ఇదీను. చేతికి వచ్చేది చిప్పు ఉన్న ఒక కార్డు. దాని మీద ఫొటో కూడా ఉండదు. దాన్ని రీడర్‌లో పెట్టి, నాలుగంకెల పిన్‌తో మీరెవరో రుజువు చేసుకుంటారు, అయిదంకెల రెండో పిన్‌తో సంతకం చేస్తారు. ఆ సంతకం యూరోపియన్ యూనియన్ అంతటా చేవ్రాలుతో సమానం. నా అనుభవంలో ఈ పథకం విలువంతా ఆ ఒక్క సంతకంలోనే ఉంది. ఒప్పందాలు, కంపెనీ నమోదు, వార్షిక నివేదిక అన్నీ గుంటూరులో కూర్చునే పూర్తిచేస్తున్నాను.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలి, అక్కడి పోలీసు శాఖ పరిశీలిస్తుంది. కార్డు తీసుకోవడానికి మాత్రం స్వయంగా వెళ్లి వేలిముద్రలు ఇవ్వాలి. నేను ఢిల్లీలోని వారి రాయబార కార్యాలయానికి వెళ్లాను. కార్డు అయిదేళ్లు చెల్లుతుంది. కంపెనీ నమోదుకు ప్రభుత్వ రుసుము 265 యూరోలు. నిర్వహించేవారు విదేశంలో ఉంటే ఎస్టోనియాలో ఒక చిరునామా, అధికారిక లేఖలు అందుకునే ఒక ప్రతినిధి తప్పనిసరి కాబట్టి, ఆ సేవకు ఏటా ఒక సంస్థకు చెల్లించాలి. వార్షిక నివేదిక ఎస్టోనియన్ భాషలో సమర్పించాలి కనుక పద్దులు చూసేవారు కూడా అక్కడివారే కావాలి. అమ్మకాలు ఉన్నా లేకపోయినా ఈ ఖర్చులు ఆగవు. మొదటి ఏడాది నా రాబడిలో పావు వంతు వీటికే పోయింది.

జవాబు: పద్దుల మనిషి, హైదరాబాదు

వృత్తిరీత్యా చార్టర్డ్ అకౌంటెంట్‌ను. కంపెనీ ఎక్కడ పుట్టిందన్నది ఒక సంగతి, దాన్ని నడిపే మనిషి ఎక్కడ కూర్చున్నాడన్నది మరో సంగతి. ఈ తరహా ప్రకటనలన్నీ మొదటిదే చెబుతాయి, మన ఆదాయపు పన్ను శాఖ రెండోది చూస్తుంది.

ఎస్టోనియాలో లాభాన్ని పంచకుండా ఉంచినంతకాలం కార్పొరేట్ పన్ను లేదన్నది నిజమే. పంచిన రోజున 2025 నుంచి 22/78 లెక్కన, అంటే చేతికి వచ్చే ప్రతి 78 యూరోలకు 22 యూరోలు కంపెనీ కట్టాలి. అది కంపెనీ మీద పడిన పన్ను, మీ మీద పడినది కాదు. అందువల్ల అలా పంచిన లాభాన్ని, అంటే డివిడెండును, ఇక్కడ మీ స్లాబు ప్రకారం మళ్లీ పన్నుకు చూపించేటప్పుడు, అక్కడ కట్టేశాం కదా అని తగ్గించుకోవడానికి సాధారణంగా వీలుండదు.

ఇక నిర్ణయాలు తీసుకునే స్థలం ఇండియాలో ఉంటే విదేశీ కంపెనీని కూడా ఇక్కడి కంపెనీగానే లెక్కించే నిబంధన ఉంది. ఏడాది రాబడి 50 కోట్ల రూపాయలు దాటని కంపెనీలకు అది వర్తించదని 2017లో ప్రత్యక్ష పన్నుల బోర్డు స్పష్టం చేసింది గనుక మీరు నిశ్చింతగా ఉండవచ్చునని చాలామంది చెబుతారు. నేను అంత తొందరగా చెప్పను. ఇండియా, ఎస్టోనియాల మధ్య 2012 నుంచి అమల్లో ఉన్న ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం ప్రకారం, కంపెనీ నిర్వహణ సాగే చోటు శాశ్వత వ్యాపార స్థావరం అవుతుంది. సాఫ్ట్‌వేర్ రాసేది, అమ్మేది, సంతకం చేసేది అంతా హనుమకొండలోని మీ గదిలోనే అయితే, ఆ లాభం ఇక్కడిదేనని శాఖ వాదించడానికి బలమైన ఆధారం ఉంటుంది. అలా తేలితే విదేశీ కంపెనీలకు వర్తించే 35 శాతం రేటు పడుతుంది. అదే సొమ్ము మీ సొంత పేరు మీద వచ్చి ఉంటే మామూలు స్లాబులతో సరిపోయేది. సున్నా కోసం వెళ్లి 35 తెచ్చుకోవడం అంటే ఇదే.

డబ్బు పంపడం మరో ఘట్టం. అక్కడి వాటాలు కొనడం 2022 ఆగస్టు నాటి విదేశీ పెట్టుబడుల నిబంధనల కిందికి వస్తుంది. ఏడాదికి 2,50,000 డాలర్ల పరిమితిలో పంపవచ్చు గాని, అధీకృత బ్యాంకు ద్వారా ఫారం ఎఫ్‌సీ సమర్పించి, గుర్తింపు సంఖ్య తీసుకుని, ఆపైన ఏటా డిసెంబరు 31లోగా కంపెనీ పనితీరు నివేదిక ఇవ్వాలి. నా దగ్గరికి వచ్చిన ఒకాయన తన బ్యాంకు శాఖలో అడిగితే, ఈ ఫారం పేరే వినలేదన్నారట. విదేశీ మారక వ్యవహారాలు చూసే పెద్ద బ్యాంకు శాఖకు వెళ్లండి. ఎస్టోనియాలో 2023 నుంచి వాటాధనం ఒక్క సెంటుతోనూ సరిపోతుంది. అయినా ఆ సౌకర్యానికి ఆశపడకండి. వ్యక్తులు తమ విదేశీ కంపెనీకి అప్పు ఇచ్చే వీలు మన నిబంధనల్లో లేదు. కనుక మొదటి ఏడాది ఖర్చులకు సరిపడా మొత్తాన్ని వాటాధనంగానే పంపడం మేలు.

జవాబు: టాలిన్ తెలుగు

ఎస్టోనియా రాజధాని టాలిన్‌కు చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డాను. బ్యాంకు విషయం ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను. కార్డు ఉన్నంత మాత్రాన ఎస్టోనియా బ్యాంకులో ఖాతా వస్తుందని అనుకోకండి. డెన్మార్క్‌కు చెందిన డాన్స్కే బ్యాంకు ఇక్కడి శాఖ గుండా 2007 నుంచి 2015 దాకా విదేశీ ఖాతాదారుల సొమ్ము దాదాపు 200 బిలియన్ యూరోలు ప్రవహించిందన్న మనీలాండరింగ్ కుంభకోణం బయటపడిన తరువాత, దేశంతో సంబంధం చూపలేని వారికి ఖాతా ఇవ్వడానికి బ్యాంకులు ముందుకు రావడం లేదు. చాలామంది యూరప్‌లో లైసెన్సు ఉన్న ఆన్‌లైన్ చెల్లింపు సంస్థల్లో ఖాతా తెరుస్తారు. అక్కడా యజమాని నివసించే దేశాన్ని చూసే నిర్ణయిస్తారు. కంపెనీ పెట్టిన తరువాత కాకుండా ముందే ఆ సంస్థలను విచారించండి.

వ్యాట్ గురించి కూడా ఒక మాట. ఇక్కడ ఏడాది అమ్మకాలు 40,000 యూరోలు దాటితే నమోదు తప్పనిసరి, 2025 జూలై నుంచి రేటు 24 శాతం. అయితే మీ పాఠశాలలు వ్యాట్‌కు నమోదైన సంస్థలైతే, ఇండియా నుంచి మీరు నేరుగా బిల్లు ఇచ్చినా ఆ పన్ను లెక్క వాళ్లే చూసుకుంటారు. విడి వ్యక్తులకు అమ్మితే, యూనియన్ బయటి అమ్మకందారులు ఏదో ఒక సభ్యదేశంలో ఒక్కసారి నమోదై అన్ని దేశాల పన్నూ అక్కడే కట్టే పద్ధతి ఉంది. ఆ పని కోసమే అయితే కంపెనీ అక్కరలేదు.

హనుమకొండ డెవలపర్

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు చదివాక ఆ పాఠశాలవారికి మళ్లీ రాసి, యూనియన్ సంస్థే ఎందుకు కావాలని అడిగాను. వ్యాట్ భయమేనని తేలింది. టాలిన్ గారు చెప్పిన విషయం వివరించి, వారి ఆడిటరుతో మాట్లాడమన్నాను. ఒప్పందం మీద వాళ్ల జవాబు వచ్చే వారం వస్తుంది. అప్పటిదాకా కార్డుకు దరఖాస్తు పెట్టను. ఒకటే సందేహం మిగిలింది. రేపు ఎప్పుడైనా కంపెనీ పెట్టి, అందులో రూపాయి లాభం రాకపోయినా ఇక్కడి రిటర్నులో చూపించాలా?

పద్దుల మనిషి, హైదరాబాదు

చూపించాలి. విదేశీ ఆస్తుల షెడ్యూలులో వాటాలు, మీకు సంతకం అధికారం ఉన్న ఖాతాలు రెండూ రాయాలి. అందులో ఆర్థిక సంవత్సరం కాదు, జనవరి నుంచి డిసెంబరు దాకా లెక్క అన్నది చాలామంది మరిచిపోతారు. దాచితే 2015 నాటి నల్లధనం చట్టం కింద జరిమానా 10 లక్షల రూపాయల దాకా వెళ్లవచ్చు. పాఠశాలవారి జవాబు వచ్చాక ఇక్కడ రాయండి. వారు సరేనంటే మీకు కావలసింది ఎగుమతి సేవలకు జీఎస్టీ కట్టకుండా బిల్లు ఇవ్వడానికి సమర్పించే హామీ పత్రం, దాని గురించి అప్పుడు విడిగా చెబుతాను.