ఆర్‌లో పైపు, చిన్నయసూరి ఇత్తు

నల్లకుంట: అందరికీ నమస్కారం. డిగ్రీ పిల్లలకు ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష తెలుగులో చెప్తున్నాను. |> అనే పైపు గుర్తు (ఎడమ పక్కదాన్ని కుడి పక్క పనికి అందించేది) దగ్గర ఆగిపోయాను. బోర్డు మీద "డేటా |> వడపోత() |> సగటు()" అని రాశాక పైకి చదవబోతే నోట మాట రాలేదు. "తర్వాత" అంటే అతకడం లేదు. రాత్రి నుంచి చిన్నయసూరి బాలవ్యాకరణంలోని సంధి సూత్రం సగమే గుర్తొస్తోంది: "...ఇత్తునకు సంధి లేదు". ముందు మాట ఏమిటి?

తార్నాక: "క్త్వార్థంబైన". అంటే "వచ్చి", "చేసి" లాంటి అసమాపక క్రియ చివరి ఇకారం, అదే ఇత్తు. వచ్చి + ఇచ్చె, వచ్చియిచ్చె. మధ్యలో యకారం చేరుతుంది గానీ ఇకారం పోదు. మీ పైపు అదే సార్. "డేటా తీసుకుని, వడపోసి, సగటు కట్టు." అమ్మ వంట చెప్పేది ఇట్లానే: కడిగి, తరిగి, పోపులో వేసి. పైపు లేకుంటే సగటు(వడపోత(డేటా)) అని లోపలి నుంచి బయటికి చదువుకోవాలి.

మల్కాజిగిరి: నేను ఒప్పుకోను. క్త్వార్థకంలో రెండు పనులకూ కర్త ఒకడే ఉండాలి. పైపులో చేతులు మారేది కర్త కాదు, కర్మ. డేటా |> వడపోత(షరతు) అని రాస్తే ఆర్ దాన్ని చదివేటప్పుడే వడపోత(డేటా, షరతు)గా మార్చుకుంటుంది. ఎడమ పక్కది మొదటి ఆర్గ్యుమెంట్, అంటే బ్రాకెట్లలో ఇచ్చే మొదటి విలువ, అవుతుంది. అది ద్వితీయా విభక్తి చేసే పని.

తార్నాక: "వాన కురిసి చెరువు నిండింది" అనమా? కర్తలు ఇద్దరున్నారు.

మల్కాజిగిరి: అక్కడ ఇత్తు కారణం చెప్తోంది. వడపోత సగటుకు కారణం కాదు కదా.

రామంతపూర్: నేను రోజూ ఆర్‌లోనే పని చేస్తాను. పైపులు రెండున్నాయి. 2014లో మాగ్రిటర్ అనే అదనపు ప్యాకేజీతో వచ్చింది %>%. 2021లో ఆర్ 4.1తో భాషలోనే చేరింది |>. పాతదానికి 16 %>% వర్గమూలం అన్నా చాలు. కొత్తదానికి 16 |> వర్గమూలం() అని బ్రాకెట్లు ఉండాల్సిందే, లేకపోతే ఎర్రర్. ఉత్త పేరు సరిపోదు, క్రియ కావాలి. అందుకే నా ఓటు తార్నాక అన్నకే. 1 + 4 |> వర్గమూలం() ఎంత? 3. పైపు కూడిక కంటే ముందే పక్కవాణ్ణి పట్టుకుంటుంది, వర్గమూలం 4కే తగులుతుంది. బ్రాకెట్ మర్చిపోయి ఒక రాత్రంతా టెన్షన్ పడ్డాను.

నల్లకుంట: మొదటి స్థానంలో కాకుండా వేరే చోట పెట్టాలంటే?

రామంతపూర్: ఆర్ 4.2 నుంచి ఆ చోట అండర్‌స్కోర్ పెట్టొచ్చు, ఆర్గ్యుమెంట్ పేరు మాత్రం రాయాలి. చదివేటప్పుడు "దాన్ని" అనుకోండి.

మల్కాజిగిరి: "దాన్ని"! ద్వితీయే కదా నేను చెప్పింది.

మెహదీపట్నం: సంధి లేదంటున్నరు, మా ఇంట్ల "చేసిచ్చిండు" అంటం. చేసి + ఇచ్చిండు. ఒక ఇకారం ఏమైనట్టు?

తార్నాక: సూత్రం గ్రాంథికానికి తమ్ముడూ.

మెహదీపట్నం: సార్ క్లాసుల పిల్లలు మాట్లాడేది గ్రాంథికం కాదు కదన్నా.

చిక్కడపల్లి: సంధి మాట వచ్చాక పోతన గజేంద్రమోక్షాన్ని తలుచుకోకుండా ఉండలేను.
"సిరికిం జెప్పడు శంఖచక్రయుగముం జేదోయి సంధింప డే
పరివారంబును జీర డభ్రగపతిం బన్నింప డా..."
అన్నీ సమాపక క్రియలే. చీరడు + అభ్రగపతి, ఉత్తు కరిగిపోయింది. ఇత్తు నిలబడుతుంది, ఉత్తు కరుగుతుంది. "చెప్పక, సంధింపక" అని వ్యతిరేక క్త్వార్థకాలు పేర్చి ఉంటే స్వామి తీరిగ్గా బయల్దేరినట్టుండేది. ఒక్కో "డు" దగ్గర వాక్యం ముగిసి, వెంటనే ఇంకోటి తోసుకొస్తుంది. ఏనుగు ప్రాణం ఎంతలో ఉందో ఆ ఊపులోనే తెలుస్తుంది. ఇది పైపు కాదు. ఒకదాని ఫలితం ఇంకోదానికి అందదు.

మల్కాజిగిరి: "సంధింప డే"లో ఏకారం అవధారణ కదండీ? సంధింపనే సంధింపడు అని.

చిక్కడపల్లి: కాదండీ. "ఏ పరివారంబును", ఏ ఒక్కరినీ పిలవడు. చివర "ను" ఉంది చూడండి.

మల్కాజిగిరి: "ను" సముచ్చయం కూడా కావచ్చు. పరివారాన్ని కూడా పిలవడు.

నల్లకుంట: రేపు పొద్దున క్లాసుంది. "వడపోసి" అనే చదువుతాను. ఆ "డే" సంగతి మాత్రం వదలొద్దు, సాయంత్రం వచ్చి చూస్తాను.

తార్నాక: నేను చిన్నప్పుడు "సంధింపడే" దగ్గర ఆగి చదివేవాణ్ణి. ఇప్పుడు మళ్లీ చదివి చూస్తున్నా.